ఉద్దానం తెల్లదోమ ఒంటరిగా రాలేదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట వైపు ఇద్దరు కొబ్బరి రైతులు కలిస్తే ముందు కాయ ధర, తర్వాత దింపుడు కూలి, ఆ తర్వాత తెల్లదోమ. వెంటనే "ఏం మందు కొట్టావు?" అన్న ప్రశ్న. నా పేచీ అంతా ఆ ప్రశ్నతోనే. మందు పనిచేస్తుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. అసలు దేని మీద కొడుతున్నాం? ఆకు అడుగున కనబడే తెల్లటి పురుగు మీద. కానీ ఆ పురుగు ఒంట్లో దాన్ని బతికించే బ్యాక్టీరియా కాపురం ఉంది. దాని పిల్లల ఒంట్లో వాటిని తినేసే ఇంకో పురుగు పెరుగుతోంది. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోకుండా ట్యాంకు భుజాన వేసుకుంటే మొదటిదానికి ఏమీ కాదు, రెండోది చస్తుంది. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. మా వాళ్లు కొబ్బరి మీద బతుకుతున్నారు. కాబట్టి ఈ వాదన మా ఇంట్లోనే ఇంకా నడుస్తోంది.

పురుగు గురించి ముందు కొంచెం. సర్పిలాకార తెల్లదోమ అంటారు. ఆడది ఆకు అడుగున గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెట్టి, వాటి మీద మైనం పొడి పూస్తూ పోతుంది. చిన్నపిల్ల ఎవరో బియ్యప్పిండితో మెలికల ముగ్గు మొదలుపెట్టి మధ్యలో లేచిపోయినట్టు ఉంటుంది. అది పీల్చిన రసంలో మిగిలిపోయిన చక్కెర తేనెలాంటి జిగురై కింద రాలుతుంది. ఆ జిగురు మీద నల్లటి మసి బూజు పడుతుంది. చెట్టు కింద అరటి ఉంటే అరటాకు, జామ ఉంటే జామాకు, దండెం మీద బట్టలుంటే బట్టలు, అన్నీ నలుపే. కొబ్బరి చెట్టు దీనివల్ల చచ్చిపోవడం అరుదు. కానీ మసి పట్టిన ఆకుకి ఎండ అందదు, చెట్టు నీరసిస్తుంది.

మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన నమూనాలు చూసి 2004లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. 2009లో ఫ్లోరిడాలో బయటపడింది. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో మొదట గుర్తించారు. అక్కడి నుంచి కొబ్బరి ఉన్న ప్రతి తీరానికీ పాకింది. ఎగిరి వచ్చింది కొంతే. దూరాలు దాటించింది ఎక్కువగా నర్సరీ మొక్కలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చాక మిగిలిన చెట్లూ, కొత్తగా నాటిన మొక్కలూ ఉన్న తోటలు ఇవి. వాటిలోకి ఇది కూడా చేరింది.

ఇక లోపలి కథ. ఆకు నాళాల్లో పారే రసం దాదాపు చక్కెర నీళ్లు. ఒళ్లు పెరగాలన్నా, గుడ్లు పెట్టాలన్నా మాంసకృత్తులు కావాలి, వాటికి అమైనో ఆమ్లాలు కావాలి. అందులో కొన్నింటిని ఏ జంతువూ సొంతంగా తయారు చేసుకోలేదు. మనకి పప్పు ఉంది, చేప ఉంది, గుడ్డు ఉంది. చక్కెర నీళ్లు తప్ప ఇంకేమీ తినని పురుగు మరి రోజూ గుడ్లు ఎలా పెడుతోంది?

జవాబు దాని పొట్టలో ఉంది. ప్రతి తెల్లదోమ ఒంట్లోనూ కొన్ని ప్రత్యేకమైన కణాలుంటాయి. వాటి నిండా పోర్టియెరా అనే బ్యాక్టీరియా ఉంటుంది. లోటుగా ఉన్న అమైనో ఆమ్లాలను వండిపెట్టేది అదే. పత్తి మీదా వంగ మీదా ఉండే మామూలు తెల్లదోమ పిల్లలో దీన్ని చూడటం తేలిక. వంగ ఆకు తిరగేసి, అతుక్కుని ఉన్న పిల్లపురుగును మంచి భూతద్దంతో చూస్తే, గాజులాంటి ఒంటి లోపల అటొకటి ఇటొకటి రెండు పసుపు మచ్చలు కనబడతాయి. అవే ఆ కణాల గుంపులు. ఆ రంగు కూడా పురుగుది కాదు. క్యారెట్‌కి రంగునిచ్చే జాతి పదార్థాలను ఆ బ్యాక్టీరియా తయారుచేస్తుంది. మా డిగ్రీ పిల్లలకి ఇది చూపించిన రోజు క్లాసులో ఒక్కడూ ఫోను తీయడు, తీసినా ఫొటో కోసమే.

ఈ కాపురం వయసు 10 కోట్ల ఏళ్ల పైమాటే. ఇంత కాలం లోపలే ఉండేసరికి పోర్టియెరా బయట బతకడానికి కావాల్సిన జన్యువుల్ని చాలావరకు పోగొట్టుకుంది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై జన్యుగ్రంథం దాదాపు 46 లక్షల అక్షరాలు. పత్తి తెల్లదోమలోని పోర్టియెరాది 3.5 లక్షలకు అటూ ఇటూ. పురుగు లేకపోతే అది లేదు, అది లేకపోతే పురుగు లేదు.

సరే, బ్యాక్టీరియా పిల్లలకి ఎలా చేరుతుంది? తల్లి నుంచి మాత్రమే. చాలా కీటకాల్లో బ్యాక్టీరియా తానున్న కణం వదిలి గుడ్డులోకి వెళ్తుంది. తెల్లదోమలో ఆ కణం మొత్తంగా గుడ్డులోకి దిగిపోతుంది. తండ్రికి ఇందులో పాత్రే లేదు. అసలు తెల్లదోమల్లో తండ్రి స్థానమే విచిత్రం. ఫలదీకరణ అయిన గుడ్డు ఆడది అవుతుంది, ఫలదీకరణ అవని గుడ్డు మగది అవుతుంది. మగవాడికి తండ్రి ఉండడు, తాత ఉంటాడు. మగపురుగు దొరకలేదని ఆడది గుడ్లు ఆపదు. అన్నీ మగపిల్లలు పుడతారు, అంతే.

నా వాదనకి అసలు ఆధారం ఇక్కడే దొరికింది. బ్యాక్టీరియా వైపు నుంచి ఆలోచించండి. మగపురుగు ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా వంశం అక్కడితో ఆఖరు. ఆడపురుగులో ఉంటేనే తర్వాతి తరానికి దారి. కాబట్టి ఆడపిల్లలు ఎక్కువ పుట్టేలా చేయగలిగిన బ్యాక్టీరియా ఏదైనా ఉంటే అదే నిలుస్తుంది. పోర్టియెరాతో పాటు తెల్లదోమల్లో అద్దెకుండేవి ఇంకొన్ని ఉన్నాయి: హామిల్టొనెల్లా, రికెట్సియా, వొల్బేకియా, కార్డినియం వగైరా. అన్నీ అన్నిటిలో ఉండవు. ప్రయోగశాలలో పత్తి తెల్లదోమ నుంచి హామిల్టొనెల్లాను తొలగిస్తే మగపిల్లల వాటా పెరిగింది. అంటే ఆ బ్యాక్టీరియా ఉన్నంతకాలం ఆడపిల్లలు తగినంత పుట్టేలా అది చూస్తోందన్న మాట.

దీని బరువు ఎంతో ఊహకి ఒక లెక్క వేద్దాం. ఒక్కో తల్లి 100 గుడ్లు పెట్టి, అన్నీ బతికాయనుకుందాం. సగం ఆడవైతే మొదటి తరంలో 50 మంది తల్లులు, రెండో తరంలో 2,500, మూడో తరంలో 1,25,000. నూటికి 80 ఆడవైతే 80, తర్వాత 6,400, తర్వాత 5,12,000. గుడ్ల సంఖ్య పెరగలేదు, పురుగు బలం పెరగలేదు. ఆడ మగ నిష్పత్తి మారిందంతే, మూడు తరాల్లో నాలుగు రెట్లు. వేసవిలో ఒక్కో తరానికి సుమారు నెల. ఉగాదికి పది పురుగులున్న చెట్టు జ్యేష్ఠం వెళ్లేసరికి తెల్లబడిపోవడం మన ప్రాంతంలో అందరూ చూసిందే.

ఇది కాగితం మీది లెక్కే అనేవాళ్లకి అమెరికాలోని అరిజోనా ఉదాహరణ ఉంది. అక్కడ పత్తి తెల్లదోమల్లో 2000లో రికెట్సియా ఉన్నవి నూటికి ఒకటి. 2006కి నూటికి 97. అది ఉన్న పురుగులు పిల్లల్ని ఎక్కువ కన్నాయి, త్వరగా ఎదిగాయి, ఆడపిల్లల్ని ఎక్కువగా కన్నాయి. 2011లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయినప్పుడు పెద్ద సంచలనం. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. తర్వాతి దశాబ్దంలో అదే అరిజోనాలో అదే రికెట్సియా వెనక్కి తగ్గింది, ఆ లాభాలూ మొదట్లో ఉన్నంతగా కనబడలేదు. నాకు మొదటి సగం కంటే ఈ రెండో సగమే ముఖ్యం. పురుగు ఉధృతి అనేది ఎప్పటికీ ఎక్కుతూనే ఉండే మెట్ల దారి కాదు, లోపలి లెక్కలు మారుతుంటాయి. ఇది పత్తి తెల్లదోమ సంగతి, మన కొబ్బరి దోమకి ఉన్నదున్నట్టు అంటగట్టను. పోర్టియెరా మాత్రం రెండిట్లోనూ ఉంది.

ఇదంతా ఓ సంక్రాంతికి మా చిన్నాన్నకి చెప్పాను. ఆయన చదువు ఐదుతో ఆగింది, బుర్ర ఆగలేదు. చుట్ట పక్కన పెట్టి అన్నాడు: "అయితే ఇంకేటిరా, ఆ బ్యాక్టీరియాకే మందు కొట్టేద్దుం. దోమకి తిండి పోద్ది, అదే సస్తాది."

ప్రయోగశాలల్లో చేసేది అక్షరాలా ఇదే. యాంటీబయాటిక్ కలిపిన చక్కెర నీళ్లు పురుగు చేత తాగించి, బ్యాక్టీరియాని తగ్గించి, ఏం జరుగుతుందో చూస్తారు. కాబట్టి చిన్నాన్న ఆలోచన తెలివితక్కువది కాదు. ప్రమాదకరమైనది. పురుగుమందులో కాస్త యాంటీబయాటిక్ పొడి కలిపి కొడితే మంచిదని సలహా ఇచ్చే దుకాణాలు మన వైపు లేకపోలేదు. ఒకచోట నా ఎదురుగానే ఒక ముసలాయనకి అలా అంటగట్టారు. ఆయన ఏ తెగులుకని అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఎందుకు పనికిరాదంటే, పురుగు రసం పీల్చేది ఆకు లోపలి నాళాల నుంచి. మనం కొట్టేది ఆకు పైన, అదీ 50 అడుగుల ఎత్తున, అదీ అడుగు వైపు, మధ్యలో మైనం పొర. బ్యాక్టీరియా ఉన్నది ఆ పురుగు ఒంట్లో కణం లోపల. ఇన్ని దాటుకుని మందు అక్కడికి చేరే మాట కల్ల. కింద నేల మీద పడ్డది మాత్రం మట్టిలో బ్యాక్టీరియాని చంపుతుంది, చావనివాటిని రాటుదేలుస్తుంది. రేపు మన పిల్లలకి జ్వరమొస్తే ఆస్పత్రిలో రాసేవి ఆ కోవకి చెందిన మందులే. పైగా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని ఊళ్లలో, బావుల పక్క నేలలోకి ఇంకో రసాయనం దింపుదామనడానికి నోరెలా వస్తుంది?

ఇంకో కారణం ఉంది, అది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తెల్లదోమ శత్రువు ఎన్‌కార్సియా. వ్యవసాయం చదివినవాళ్లు బదనిక అంటారు. పేరుకి కందిరీగ జాతే గాని ఆవగింజలో సగం కూడా ఉండదు, మనల్ని కుట్టదు. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పిల్లై తెల్లదోమ పిల్లని లోపలి నుంచి తినేసి బయటికొస్తుంది. కొబ్బరి దోమ మీద మన దేశంలో బాగా పనిచేస్తున్నది ఎన్‌కార్సియా గ్వాడెలూపే. దీన్ని ఎవరూ విమానంలో తెప్పించి వదల్లేదు. 1990లలో ఈ దోమకి దగ్గరి బంధువు ఒకటి కేరళలో దిగి, జామనీ కర్రపెండలాన్నీ పీల్చి పిప్పి చేసింది. దాన్ని అదుపులోకి తెచ్చింది ఈ బదనికే, దానంతటదే వచ్చి. 2016లో కొత్త దోమ వచ్చేసరికి అది ఇక్కడే కాసుకుని ఉంది.

దీని సంసారం తెల్లదోమ సంసారం కంటే వింత. ఎన్‌కార్సియా జాతులు చాలావాటిలో ఆడపిల్లని కనాలంటే తల్లి తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. మగపిల్లని కనాలంటే తెల్లదోమలో అప్పటికే పెరుగుతున్న తన జాతి ఆడపిల్ల మీదే పెడుతుంది. తమ్ముడు అక్కని తిని పెరుగుతాడు. ఇలాంటివి క్లాసులో చెబితే ఛీ అంటారు, పరీక్షలో మాత్రం ఎవరూ మర్చిపోరు. ఈ జాతుల్లో కూడా బ్యాక్టీరియా ఉంది. గ్రీన్‌హౌసుల్లో టమాటా తెల్లదోమకి ప్రపంచమంతా వాడే ఎన్‌కార్సియా ఫార్మోసాలో మగవి పుట్టడమే అరుదు. అందులోని వొల్బేకియా మగపురుగు అవసరం లేకుండా ఆడవాటికి ఆడవే పుట్టేలా చేసింది. యాంటీబయాటిక్ పెడితే మగవి పుట్టడం మొదలవుతుంది. తెల్లదోమలోకి దిగని మందు ఈ బదనికకి తగిలే వీలుంది. అది ఆకుల మీద తిరుగుతుంది, జిగురు నాకుతుంది. శత్రువు మీద గురిపెట్టిన మందు మిత్రుడి వంశం మీద పడుతుంది. మామూలు పురుగుమందుకైతే ఈ బదనిక ఇట్టే చస్తుంది. తెల్లదోమ గుడ్లూ మైనం కింది పిల్లలూ మిగులుతాయి. నెల తిరక్కుండా దోమ మళ్లీ నిండుతుంది, ఈసారి అడ్డు లేకుండా.

బ్యాక్టీరియా వైపు నుంచి పురుగుని కొట్టడం అసాధ్యమని నేను అనడం లేదు. దానికి మన జిల్లాకి బాగా తెలిసిన జబ్బే సాక్ష్యం: బోదకాలు. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ ఒంట్లోనే 1924లో వొల్బేకియాని మొదటిసారి చూశారు. ఆ బ్యాక్టీరియాకి ఒక టక్కు తెలుసు. దాని ఒక రకం ఉన్న మగదోమ, ఆ రకం లేని ఆడదానితో కలిస్తే గుడ్లు పొదగవు. దీన్ని పట్టుకుని హానెస్ లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1967లో బర్మాలో రంగూన్ దగ్గర ఓక్పో అనే ఊళ్లో పొసగని రకం మగదోమల్ని వదిలాడు. కొన్ని వారాల్లో ఆ ఊరి క్యూలెక్స్ దోమలు పొదగని గుడ్లు పెట్టుకుంటూ అంతరించాయి. మందు చుక్క లేదు. మన తాతలు బియ్యం వ్యాపారానికీ కూలికీ పోయిన రంగూన్ అదే. బోదకాలు పురుగు ఒంట్లో కూడా వొల్బేకియా ఉంటుంది. డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు వాడితే ఆ బ్యాక్టీరియా చచ్చి, పురుగు గొడ్డుపోతుంది. అక్కడ యాంటీబయాటిక్ పనికొచ్చింది, ఎందుకంటే రోగి మింగిన మాత్ర రక్తంలో కలిసి పురుగు దాకా వెళ్తుంది. డెంగీ మీద కూడా ఇదే దారి. ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో వొల్బేకియా ఎక్కించిన ఏడిస్ దోమల్ని వదిలిన పేటల్లో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ 2022లో మన దేశపు ఏడిస్ దోమల్లోనూ వొల్బేకియా ఎక్కించినట్టు ప్రకటించింది. ఇవన్నీ ఏళ్ల తరబడి, ఊరి జనంతో మాట్లాడి, లెక్కలు చూసుకుని చేసే పనులు. డ్రమ్ములో పొడి కలపడంతో వీటికి పోలికే లేదు.

చిన్నాన్న అసలు అభ్యంతరం సైన్సు మీద కాదు. "నీకు ఒకటో తారీకుకి జీతం పడతాది. నాకు సెట్టు కాయాల. నువ్వు ఆగమంటే ఆగడానికి అప్పులోడు ఆగుతాడేటి?" అంటాడు. ఇది న్యాయమైన మాట, దీన్ని తేలిగ్గా తీసేసే వ్యాసాలంటే నాకు చిరాకు. బదనిక ఎప్పుడూ పురుగు వెనకే వస్తుంది, ముందు రాదు. ఆ మధ్య కాలంలో నష్టం రైతుదే. అయితే కొబ్బరిలో పూత విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి దాదాపు 12 నెలలు. ఈ వేసవి దోమ తాలూకు లోటు వచ్చే ఏడాది కాపులో కనబడుతుంది. కాయ తగ్గినప్పుడు మనం భయపడి కొట్టే మందు నిరుడు పోయిన పూతని వెనక్కి తేలేదు. ఈ ఏడాది బదనికని చంపి వచ్చే ఏడాది కాపుకి కూడా ఎసరు పెడుతుంది. అప్పులోడి మాట నిజమే. మందు కొనడానికి చేసేదీ అప్పే.

చేతులు కట్టుకుని కూర్చోమనీ కాదు. చిన్న మొక్కలకి మోటారు నీళ్లు ఆకు అడుగుకి గట్టిగా కొట్టొచ్చు. పసుపు రంగు అట్టలకి ఆముదం రాసి కాండానికి కట్టొచ్చు. మరీ ముదిరితే వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు పొడి కలిపి. మసికి గంజి పిచికారీ చేస్తే ఎండి పొరలా ఊడిపోతుంది. ఐసేరియా అనే శిలీంధ్రం ఉంది, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దాన్ని ఈ దోమ మీదే పరీక్షించి ఇచ్చింది. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం దాన్నీ, దోమ పిల్లల్ని తినే అల్లికరెక్క పురుగుల్నీ పెంచి ఇస్తోంది. కానీ అంబాజీపేట ఎక్కడ, కవిటి ఎక్కడ? ప్రాణమున్న శిలీంధ్రం అంత దూరం ఎండలో బస్సు డిక్కీలో వస్తే ఏం మిగులుతుంది? సబ్సిడీ మీద మందు డబ్బాలు పంచే డబ్బుతో ఉద్దానంలోనే అలాంటి పెంపకం కేంద్రం ఒకటి నడపాలి. నర్సరీ మొక్కల్ని బండి ఎక్కించే ముందే ఆకు తిరగేసి చూసే మనిషి ఒకరుండాలి. తోటలో కొబ్బరితో పాటు అరటి, జామ, పనస ఉంచే మన పాత పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. దోమ వాటి మీదా ఉంటుంది, దాంతో బదనికా వాటి మీద నిలబడుతుంది.

మీ తోటలో బదనిక ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. కింది మట్ట నుంచి ఒక ఆకు కోసి, అడుగున మైనాన్ని తడి కుంచెతో తుడిచి, పిల్లపురుగుల ఖాళీ పెంకుల్ని భూతద్దంతో చూడండి. తెల్లదోమే బయటికొచ్చిన పెంకు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా చీలిక ఉంటుంది. బదనిక కొరుక్కుని వచ్చినదానికి గుండ్రటి కన్నం. గుండ్రటి కన్నాలు సగానికి సగం కనబడితే ఆ చెట్టు జోలికి పోకండి. అసలే కనబడకపోతే, అవి ఉన్న తోట నుంచి రెండు మూడు మట్టలు అడిగి తెచ్చి మీ చెట్టుకి కట్టండి. ముందు ఆ మట్ట మీద ఇంకో కొత్త పురుగేదీ లేదని చూసుకోండి. మన వైపు దింపుడుకి వచ్చినవాళ్లు తెల్లబడ్డ మట్టల్ని నరికి, కుప్ప వేసి, సాయంత్రానికి తగలబెట్టేస్తున్నారు. ఆ కుప్పలో పెంకు లోపల ఇంకా బయటికి రాని బదనికలుంటాయి. కొన్నాళ్లు చెట్టు మొదట్లో నీడన పడేయమనండి. ఆకు ఎండేలోగా ముదిరిన పెంకుల్లోని బదనికలు కన్నం చేసుకుని పోతాయి. అప్పుడు పొయ్యిలో పెట్టుకోవచ్చు.